పొరుగింటి పుల్లకూర, పెరటి చెట్టు

అభిరుచిని గురించి తెలుగువాడు చెప్పవలసినదంతా రెండు సామెతలలో చెప్పి ఊరుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నది ఒకటి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది రెండవది. మొదటిది వంటింటి మాట, రెండవది వైద్యానికి సంబంధించిన మాట. అయినా రెండింటిలోని ఎత్తిపొడుపు ఒక్కటే. మనిషి తన నాలుకను తాను నమ్మడు. తన ఇంట ఉన్నదాని విలువ ఇతరులు చెప్పితే గాని గుర్తించడు. ఇతరుల ఇంట ఉన్నదానిని అది వారిది గనుకనే మెచ్చుకుంటాడు. కూరల విషయంలో ఈ బలహీనత వల్ల కలిగే నష్టం స్వల్పం. నవలల విషయంలో, చలనచిత్రాల విషయంలో అది స్వల్పమని చెప్పడానికి వీలులేదు. మనిషి ఏ కథను మనసారా తనదిగా చేసుకుంటాడో, ఆ కథ వెలుగులోనే తన ఊరినీ, తన వారినీ, చివరకు తన్ను తానూ చూసుకుంటాడు.

చదువుకున్నవారు నలుగురు కూడినచోట "మీకు ఇష్టమైన నవల ఏది, ఇష్టమైన చిత్రం ఏది?" అన్న ప్రశ్న పుట్టక మానదు. సమాధానాలు కూడా దాదాపు సిద్ధంగానే ఉంటాయి. నవలలలో ‘వేయిపడగలు’, ‘చివరకు మిగిలేది’, ‘అసమర్థుని జీవయాత్ర’. చిత్రాలలో ‘మల్లీశ్వరి’, ‘దేవదాసు’, ‘మాయాబజార్’. ఈ పేర్లలో అనర్హమైనది ఒక్కటీ లేదు. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’, 1957లో కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ తెలుగువారి ఉమ్మడి ఆస్తి. సందేహం ఆ పేర్లను గురించి లేదు. వాటిని పలికే గొంతును గురించే ఉన్నది. ఆ గొంతులో చాలసార్లు పాఠం అప్పజెప్పే విద్యార్థి వినిపిస్తాడు. "ఆ పుస్తకంలో మీ వెంట ఇంటిదాకా వచ్చినదేమిటి?" అని మరొక్క ప్రశ్న వేస్తే చాలు, మాట తడబడుతుంది. పేరు తెలుసు, అది గొప్పదని తెలుసు, తనకు ఏమి చేసిందో మాత్రం తెలియదు.

ఉత్తమ నవల, ఉత్తమ చిత్రం అభిరుచికి మార్గదర్శకాలే. అయితే మార్గదర్శి దారి చూపగలడు గాని, బాటసారికి బదులు నడవలేడు. ఉద్గ్రంథాన్ని గీటురాయి అనడం వాడుక. ఆ పోలికను చివరిదాకా తీసుకొనిపోతే ఒక విషయం తేటపడుతుంది. గీటురాయి గుణాన్ని ఎవరూ పరీక్షించరు; దానిమీద గీసిన లోహాన్నే పరీక్షిస్తారు. కాలం పరీక్షించి నిలబెట్టిన గ్రంథం ముందు కూర్చున్నప్పుడు గీత పడేది చదువరి మనస్సుదే. ఎక్కడ కన్ను చెమర్చింది, ఎక్కడ విసుగు పుట్టింది, ఎక్కడ కోపం వచ్చింది అన్నవే ఆ గీతలు. వాటిని చదువుకోగలిగినవాడు తన అభిరుచిని ఎరిగినవాడు. వాటిని తుడిచివేసి పెద్దలు చెప్పిన తీర్పును పైన వ్రాసుకొనేవాడు ఎన్ని గ్రంథాలు చదివినా ఎరువు సొమ్ముతో తిరిగేవాడే.

ఈ ఎరువు సొమ్ము బాధ అన్ని ప్రాంతాలలోనూ ఉన్నది. కాని కరీంనగర్, ఆదిలాబాద్ సీమలలో దానికి ఒక చరిత్ర ఉన్నది. 2016లో చిన్న జిల్లాలుగా విడిపోకముందు ఈ రెండూ గోదావరికి ఇరువైపుల పరచుకొని ఉన్న పెద్ద జిల్లాలు. నిజాం పాలనలో బడి చదువు ఉర్దూలో సాగింది. సభ జరుపుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. ఆ స్థితిలో కూడ 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన నాలుగవ ఆంధ్ర మహాసభ జరిగింది. అంతకు ముందటి యేడే, తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి 354 మంది కవులను లోకం ముందు నిలబెట్టారు. లేరన్నవారికి లెక్క చెప్పి చూపవలసివచ్చిందంటే, అప్పటికే ఈ సీమవారి రుచిని కొలిచే కుంచం ఇతరుల చేతిలో ఉన్నదని అర్థం.

తరువాతి కాలంలో పుస్తకాలు ఎక్కువగా బెజవాడ నుంచి, చిత్రాలు మదరాసు నుంచి వచ్చాయి. అవి రావడం మేలే. అయితే వాటితోపాటు ఒక అలవాటు కూడ వచ్చింది. కథానాయకుడు మాట్లాడే తెలుగు ఒకటి. నవ్వు పుట్టించవలసినవాడో, భయపెట్టవలసినవాడో మాట్లాడే తెలుగు మరొకటి. చాలకాలం వెండితెరమీద తెలంగాణపు పలుకు ఈ రెండవ పీటమీదనే కూర్చున్నది. మంథనిలోనో, జగిత్యాలలోనో టికెట్టు కొనుక్కొని హాలులో కూర్చున్న ప్రేక్షకుడు తన తల్లి పలుకును విని పదిమందితో కలిసి తానూ నవ్వాడు. ఇందులో అతని తప్పు లేదు. కాని ఆ నవ్వు తరువాత ఏ కథ గొప్పది, ఏది సామాన్యం అని నిర్ణయించే ధైర్యం అతనికి ఎక్కడనుంచి రావాలి? 1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ ‘అమర్‌సింగ్ రాథోడ్’, ‘టిప్పు సుల్తాన్’ వంటి హిందీ చిత్రాలలో కథానాయకుడై, 1980వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని పొందాడు. ఆయన పేరు మార్మోగినది బొంబాయి చిత్రాలలో. సొంత ఊరికి ఆయన పొరుగింటివాడుగానే తిరిగివచ్చాడు. పెరటి చెట్టు సామెతకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇది ఇట్లా ఉండగా, ఒక ఉద్గ్రంథం ఈ సీమకు వచ్చి ఏమి చేసిందో చూడడం అవసరం. ‘వేయిపడగలు’ 1934 నాటి రచన. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ఆ నవలకూ, అడివి బాపిరాజు ‘నారాయణరావు’కూ బహుమానాన్ని సమానంగా పంచి ఇచ్చారు. న్యాయనిర్ణేతలే ఒక్క పేరు దగ్గర ఆగలేకపోయారన్న సంగతి, జాబితాలను కంఠస్థం చేసేవారు జ్ఞాపకం ఉంచుకోదగినది. ఆ నవలా రచయిత విశ్వనాథ సత్యనారాయణ 1959 నుంచి 1961 దాకా కరీంనగర్ ప్రభుత్వ కళాశాలలో పనిచేశారు. పుస్తకంలో మాత్రమే పేరు చూసిన మహాకవి ఊరి వీధులలో కనబడడం అక్కడి యువకులకు సామాన్యమైన అనుభవం కాదు.

ఆ నవలను 1968లో ‘సహస్రఫణ్’ అన్న పేరుతో హిందీలోనికి తెచ్చినవారు పి.వి. నరసింహారావు. వంగర గ్రామానికి చెందిన ఆయన 1957 నుంచి ఇరవై యేండ్లు మంథని నుంచి శాసనసభకు ప్రాతినిధ్యం వహించారు. ఇక్కడ ఆలోచించదగిన చిక్కు ఒకటి ఉన్నది. ‘వేయిపడగలు’ సుబ్బన్నపేట జమీందారీ, దేవాలయం, ఊరు కలిసి అల్లుకున్న ఒక పాత వ్యవస్థ కూలిపోతున్నదని దుఃఖించే గ్రంథం. ఆ గ్రంథానికి తన యేండ్లు ధారపోసిన అనువాదకుడు 1971లో ముఖ్యమంత్రియై భూసంస్కరణలను చేపట్టాడు. నవల ఏ వ్యవస్థను కన్నీటితో సాగనంపిందో, అందులోని భూస్వామ్యాన్ని చట్టంతో కదిలింపజూసినవాడే దానిని అక్షరమక్షరం తూచి మరొక భాషలో పెట్టాడు. ఇది వైరుధ్యమని కొందరు అంటారు. అభిరుచి ఎరిగినవారు అట్లా అనరు. ఒక గ్రంథంతో ఏకీభవించడం వేరు, దానిని ప్రేమించడం వేరు. తనకు ఒప్పుకాని మాటను కూడ ఇంత బలంగా, ఇంత అందంగా చెప్పవచ్చునని తెలుసుకొన్న చదువరికి తన అభిప్రాయం ఎంత లోతైనదో తెలిసివస్తుంది. మెచ్చుకోళ్లతో ముద్దుచేసే పుస్తకం ఆ పని చేయలేదు.

ఈ సీమలోనే దీనికి ఎదురు నిలిచే గ్రంథాలు పుట్టాయి. మంథని ప్రాంతంలోని గాజులపల్లికి చెందిన అల్లం రాజయ్య 1979లో ‘కొలిమంటుకున్నది’ నవలను వెలువరించారు. అది కరీంనగర్ పల్లెలలోని రైతుకూలీ పోరాటపు కథ. సుబ్బన్నపేట ధర్మారావుకు కనిపించిన ఊరు వేరు. గడీ ముందు చేతులు కట్టుకొని నిలబడినవాడికి కనిపించిన ఊరు వేరు. ఒకే చదువరి ఈ రెండు నవలలను ఒక దాని తరువాత ఒకటి చదివితే ఏమవుతుంది? ఒకదానిని ఒప్పుకొని రెండవదానిని తగులబెట్టవలసిన పనిలేదు. మొదటి నవలలో తనను కట్టివేసినది ఏమిటి? ఆ వాక్యపు నడకా, ఆ కరుణా, లేక పోయినదానిమీది మమకారమా? రెండవ నవలలో తనను నిలువనీయనిది ఏమిటి? న్యాయమా, పాత్రలా, తన ఊరి పలుకా? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకొన్నవాడికి జాబితాలతో పనిలేదు. అతడే ఒక జాబితా వ్రాయగలడు.

నవలను చదివి, ఆ నవల ఆధారంగా తీసిన చిత్రాన్ని చూడడం అభిరుచికి మంచి సాధన. నవలలో రచయిత గొంతు వినిపిస్తుంది. చిత్రంలో ఆ గొంతు తొలగిపోయి ముఖాలు, వెలుగునీడలు, పాటలు మిగులుతాయి. తాను ప్రేమించినది కథనా, కథ చెప్పిన తీరునా అన్నది అప్పుడు తేలిపోతుంది. విశ్వనాథవారి ‘ఏకవీర’ 1969లో సి.ఎస్. రావు దర్శకత్వంలో చిత్రమైంది. మధుర నాయకరాజుల నాటి ఆ కథలో ఇద్దరు మిత్రులు, ఇద్దరు స్త్రీలు. ఒకరు వలచినవారిని మరొకరు పెండ్లాడవలసివచ్చిన విషాదం. ఈ చిత్రానికి మాటలు వ్రాసినవారు సి. నారాయణరెడ్డి. ఆయన 1931లో ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదువుకొని, 1962లో ‘గులేబకావళి కథ’తో చిత్రసీమలో పాటల రచయిత అయ్యారు. నవలలో పుటల కొద్దీ మౌనంగా సాగే మనోవేదనను నోటిమాటగా మార్చడం ఎంత కష్టమో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూచినవారికి బోధపడుతుంది. ఎక్కడ నవల మిన్న, ఎక్కడ చిత్రం మిన్న అన్నదానికి ఒక్కటే జవాబు ఉండదు. మౌనాన్ని ఇష్టపడేవాడు ఒకటి చెబుతాడు, పలుకును ఇష్టపడేవాడు మరొకటి చెబుతాడు. ఎవరి జవాబు వారి ముఖమే.

సి. నారాయణరెడ్డి కవితకు మూలం గ్రంథాలయం ఒక్కటే అనుకొంటే పొరపాటు. బాల్యంలో విన్న హరికథలు, జంగం కథలు, జానపద గేయాలు ఆయన చెవిని తీర్చిదిద్దాయి. ఒగ్గుకథలో పేరెన్నికగన్న మిద్దె రాములుది కూడ అదే హనుమాజీపేట. ఒక్క ఊరు జ్ఞానపీఠ కవినీ, ఒగ్గుకథకునీ ఇచ్చింది. మల్లన్న కథను రాత్రంతా విని, ఎక్కడ కథకుడు తొందరపడ్డాడో, ఎక్కడ డోలు మాటను మింగివేసిందో తెల్లవారి చెప్పగల ముసలమ్మకు అక్షరం రాకపోవచ్చును. ఆమెకు అభిరుచి లేదని ఎవరనగలరు? ఆదిలాబాద్ అడవులలో గోండుల పురాగాథలను కీక్రీ మీద వాయిస్తూ పాడే ప్రధానుల సంప్రదాయం కూడ అటువంటిదే. అచ్చుపుస్తకాల జాబితాలో ఆ గాథలకు చోటులేదు. వినేవారి మనస్సులో మాత్రం వాటికి ఉత్తమగ్రంథపు గౌరవమే ఉన్నది. చదువు రాకముందే ఈ నేలమీద రుచి ఉన్నది. చదువు వచ్చిన తరువాత దానిని దాచుకోవలసిన అవసరం ఎందుకు కలిగిందన్నదే అసలు ప్రశ్న.

దాచుకోవడంలో స్త్రీల వంతు మరీ ఎక్కువ. అద్దెపుస్తకాల కొట్టునుంచి తెచ్చిన యద్దనపూడి సులోచనారాణి నవలను పాఠ్యపుస్తకం చాటున పెట్టుకొని చదివిన తరం ఒకటి ఉన్నది. ‘మీనా’ 1973లోను, ‘సెక్రటరి’ 1976లోను చిత్రాలయ్యాయి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లోనే ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. వీటిని కాలక్షేపమని కొట్టివేయడం విమర్శకులకు సులభమైన పని. కాని బొగ్గుగనుల ఊరిలో కూర్చొని ‘సెక్రటరి’ చదివిన ఒక బాలికను కథానాయిక జయంతి ఉద్యోగమూ, ఆత్మాభిమానమూ ఆకర్షించాయా, మేడలూ కార్లూ ఆకర్షించాయా అన్నది ఆ బాలికను అడిగితే గాని తెలియదు. అడగనిదే ఆమెకు కూడ తెలియదు. సిగ్గుపడి దాచిన ఇష్టం ఎన్నటికీ పరీక్షకు రాదు. పరీక్షకు రానిది పెరగదు. ఉత్తమ నవల ఆమెకు చేయగల ఉపకారం ఈ ఇష్టాన్ని వెక్కిరించడం కాదు. ఆత్మాభిమానం గల మరొక స్త్రీని మరింత లోతుగా చూపి, తాను వెదుకుతున్నది ఇదేనా అని ఆమె చేతనే పోల్చిచూపించడం.

తన ఊరి కథను తన ఊరివాడే చెప్పాలన్న నియమం కూడ ఇక్కడ నిలవదు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చూపిన ‘మాభూమి’ 1980లో వెలువడింది. బి. నరసింగరావు నిర్మాతలలో ఒకరు. దర్శకుడు గౌతం ఘోష్ వంగదేశీయుడు. ఆధారం కృష్ణచందర్ ఉర్దూలో వ్రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల. అంతకు మూడేండ్ల ముందు, 1977లో, మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను ‘ఒక ఊరి కథ’గా తెలుగులో తీశారు. అదే యేడు దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్లు’ నవల తెరకెక్కింది. మొదటి రెండూ పొరుగింటి కండ్లు చూచిన పెరటి చెట్లు; మూడవది తెలంగాణవాడే తన పెరటిని తవ్వి చూపిన వేరు. ఈ మూడూ చూచిన ప్రేక్షకునికి సామెతలు రెండూ ఒకేసారి కూలిపోతాయి. పొరుగువాడు చూపినందువల్ల గొప్పదీ కాదు, తనది అయినందువల్ల గొప్పదీ కాదు. ఏది కండ్లకు కట్టిందో, ఏది గుండెలో గుచ్చుకున్నదో అదే గొప్పది.

ఈ విచక్షణ ఎంత అవసరమో కొమురం భీం విషయంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. అడవిమీద, భూమిమీద గోండుల హక్కుకోసం నిజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణాలిచ్చిన వీరుడాయన. అల్లం రాజయ్య, సాహు కలిసి ఆయన జీవితాన్ని నవలగా వ్రాశారు. అల్లాణి శ్రీధర్ దర్శకత్వంలో 1990లో తయారైన ‘కొమరం భీం’ చిత్రం 2010లో గాని థియేటర్లకు రాలేదు. 2022లో వచ్చిన రాజమౌళి ‘ఆర్.ఆర్.ఆర్.’ భీం పేరును ప్రపంచమంతటా వినిపించింది. అల్లూరి సీతారామరాజుతో ఆయనకు స్నేహాన్ని కల్పించిన ఆ కథ చరిత్ర కాదు, అద్భుతకథ. ఆసిఫాబాద్ యువకుడు ఈ మూడింటినీ చూడవచ్చును, మూడింటినీ వేర్వేరు కారణాలకు ఇష్టపడవచ్చును. పులితో తలపడే భీంను చూచి చప్పట్లు కొట్టడంలో దోషం లేదు. కాని హాలు దీపాలు వెలిగిన తరువాత వారం రోజులకు జ్ఞాపకం వచ్చేది ఏ భీం? పులిని ఎదిరించినవాడా, భూమి పట్టా అడిగినవాడా? దానికి జవాబు చెప్పుకొన్న యువకుడు తన రుచిని మాత్రమే గాక తన నేలను కూడ ఎరుగుతాడు.

స్వంత అభిరుచికి ఈ సీమలో నిలువెత్తు ఉదాహరణ సామల సదాశివ. 1928లో ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి, ఆదిలాబాద్ పట్టణంలోనే జీవించి, 2012లో కన్నుమూసిన ఉపాధ్యాయుడాయన. ఉర్దూ, ఫారసీ సాహిత్యాలను తెలుగు చదువరికి చేరువ చేశారు; అమ్జద్ రుబాయీలను తెలుగుచేశారు; హిందుస్తానీ సంగీత విద్వాంసులను గురించి తెలుగులో వ్రాశారు. ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మహానగరాల సభామందిరాలకు ఎంతో దూరాన, అడవి అంచున ఉన్న ఒక ఊరిలో కూర్చొని ఉత్తరాది రాగాలను గురించి అధికారంతో వ్రాయగలగడం ఎట్లా సాధ్యమైంది? ఆయన రచనలలో తీర్పుల గంభీరత కనబడదు. ఎవరివద్ద ఏమి విన్నారు, విన్నప్పుడు ఏమి తోచింది, ఎవరు జ్ఞాపకం వచ్చారు అన్నదే కనబడుతుంది. ఆయన జ్ఞాపకాల గ్రంథం పేరు ‘యాది’. ఫారసీనుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలంగాణపు పల్లె నాలుకమీద స్థిరపడిన మాట అది. పొరుగింటిదీ పెరటిదీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. అభిరుచి అంటే మెప్పుల చిట్టా కాదు, యాది అని ఆ పేరే చెబుతున్నది.

ఇక ఇటీవలి సంగతి. 2023 మార్చిలో వేణు యెల్దండి దర్శకత్వంలో ‘బలగం’ విడుదలైనప్పుడు తెలంగాణ పల్లెలలో ఒక అపురూపమైన దృశ్యం కనబడింది. ఊరి నడుమ తెరకట్టి, చాపలు పరచుకొని, ఊరంతా కూర్చొని ఆ చిత్రాన్ని చూచారు. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో ముసలి కొమురయ్య చనిపోవడం, పిట్ట ముట్టకపోవడం, తెగిపోయిన బంధువులు మళ్లీ కలవడం ఆ కథ. కన్నీరు పెట్టుకొన్నవారిని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కులేదు. తరాల తరబడి నవ్వులపాలైన పలుకు కథానాయకుని పలుకైనప్పుడు వచ్చిన కన్నీరు అది. అయితే మెలకువగా ఉండవలసిన ఘట్టం కూడ ఇదే. తన పలుకు వినబడిందని మాత్రమే ఒక చిత్రాన్ని గొప్పదనేవాడు, తన పలుకు వినబడలేదని మాత్రమే ‘మల్లీశ్వరి’ని తోసివేసేవాడు ఒక్క తప్పే చేస్తున్నారు. ఇద్దరూ కృతిని చూడడంలేదు, అద్దంలో తమను చూసుకొంటున్నారు. ‘బలగం’ నిలబడితే, తాత చావును తన నిశ్చితార్థానికి అడ్డంకిగా చూచిన మనుమని మనస్సు మెల్లమెల్లగా మారిన తీరువల్ల నిలబడుతుంది. పలుకు తలుపు తెరిచింది. లోపలికి తీసుకొనిపోయినది కథ.

ఒక ఆక్షేపణ వినవచ్చును. ఎవరికి నచ్చినది వారికి గొప్పదైతే పెద్దల తీర్పులు ఎందుకు, ఉత్తమ గ్రంథాలన్న మాట ఎందుకు అని. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. ఈనాడు చేతిలోని ఫోను ప్రతి మనిషికీ ఒక మార్గదర్శి అయింది. నిన్న చూచినది ఏదో పసిగట్టి, దానివంటిదే నేడు వడ్డిస్తున్నది. నచ్చినదానినే మళ్లీ మళ్లీ తినిపించడం వల్ల నాలుక మొద్దుబారుతుంది గాని పదునెక్కదు. పెద్దల జాబితాకు ఎన్ని లోపాలున్నా దానికి ఒక సుగుణం ఉన్నది: చదువరికి నచ్చనిదానిని కూడ అతని ముందు పెడుతుంది. కాలం ఒక గ్రంథాన్ని నిలబెట్టిందంటే, ఎందరో భిన్నమైన మనుష్యులు అందులో ఏదో కనుగొన్నారని సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని విని పుస్తకం తెరవడం వినయం; తెరిచిన తరువాత తన సాక్ష్యాన్ని తాను చెప్పడం ధర్మం. మొదటిది లేనివాడికి రుచి పెరగదు, రెండవది లేనివాడికి రుచి ఉండదు.

ఇందుకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. నవలను పీఠికకంటె ముందు చదవడం. చిత్రాన్ని నవల తరువాత చూడడం. కట్టివేసిన చోటును, విసుగు పుట్టించిన చోటును రెండు వాక్యాలలో వ్రాసి ఉంచుకోవడం. పదేండ్ల తరువాత మళ్లీ చదివి ఆ వాక్యాలతో పోల్చుకోవడం చాలు. మారినది గ్రంథం కాదు గనుక, తాను ఎంత మారాడో ఆ పోలిక చెబుతుంది. బడులలో చేయవలసినది ఇంకా చిన్నపని. "ఈ నవలను వ్రాసినదెవరు?" అన్న ప్రశ్న పక్కన "ఇందులో నీకు నచ్చనిదేమిటి, ఎందుచేత?" అన్న ప్రశ్న కూడ వేయాలి. జవాబు తన ఇంటి పలుకులో చెప్పినా ఉపాధ్యాయుడు వినాలి. ఆ ఒక్క ప్రశ్నకు భయపడకుండ జవాబు చెప్పిన బాలుడు పెద్దవాడైన తరువాత ఎవరి కుంచంతోనూ తనను కొలుచుకోడు.

ఆదిలాబాద్ అడవుల వెదురు సిర్పూరు మిల్లులో కాగితమయ్యేది. 1938లో నెలకొన్న ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకొన్నది. కాగితాన్ని ఇచ్చిన సీమకు ఆ కాగితంమీది కథను తూచే హక్కు ఒకరు ఇవ్వవలసినది కాదు. తూచడానికి కావలసిన తక్కెడ ‘వేయిపడగలు’ ఇస్తుంది, ‘కొలిమంటుకున్నది’ ఇస్తుంది, ‘మాయాబజార్’ ఇస్తుంది, రాత్రంతా సాగిన మల్లన్న కథ కూడ ఇస్తుంది. ముల్లును చూచి చెప్పవలసినది మాత్రం చదువరే. పొరుగింటి పుల్లకూరను రుచి చూచి, పెరటి చెట్టు ఆకును నమిలి, ఏది ఎట్లా ఉన్నదో తన నాలుకతో తాను చెప్పగలిగిననాడు ఆ రెండు సామెతలూ ఈ సీమలో పాతబడిపోతాయి.